ఖాళీ ఖోకా

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్మీడియెట్ ఎం.పి.సి. పాసై 1987లో భర్తీ అయ్యాను. సికింద్రాబాద్ ఏ.ఓ.సి. సెంటర్‌లో రిక్రూట్ ట్రైనింగ్, జబల్పూర్‌లో ట్రేడ్ ట్రైనింగ్. ట్రేడు అమ్యునిషన్ ఎగ్జామినర్. ముప్ఫై ఏళ్లు నౌకరీ చేసి 2017లో సుబేదార్‌గా ఇంటికి వచ్చాను. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి, యుద్ధం కబుర్లు ఏమైనా చెప్పండి" అన్నారు. యుద్ధం కబుర్లు చెప్పడానికి నాకంటే అర్హులు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. నేను తూటాలు కాల్చింది తక్కువ, పరీక్ష చేసిందీ లెక్కపెట్టిందీ ఎక్కువ. అందుకని కాల్చిన తర్వాత మిగిలేదాని గురించి చెబుతాను. అదే ఖాళీ ఖోకా.

పిల్లల కోసం ఒక్క మాట. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు బుల్లెట్, లోపల మందు, అడుగున క్యాప్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. బుల్లెట్ ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, క్యాప్ పేలిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మిగిలి రైఫిల్ పక్కనుంచి బయటపడుతుంది. దాన్నే మనవాళ్లు ఖోకా అంటారు.

రేంజ్‌లో ఖోకా కోసం వెతకనివాడు ఈ సభలో ఒక్కడు కూడా ఉండడు. యాభై రౌండ్లు ఇస్తే యాభై ఖోకాలు రావాలి. నలభై తొమ్మిది వస్తే ఇంక భోజనం లేదు, బండి కదలదు. కంపెనీ అంతా వరసకట్టి మోకాళ్ల మీద గడ్డి దువ్వుకుంటూ పోవాల్సిందే. నేను రిక్రూట్‌గా ఉన్నప్పుడు ఎస్.ఎల్.ఆర్. ఫైరింగ్‌లో ఒక ఖోకా తగ్గింది. గంటన్నర వెతికాం. చివరికి నాకు కుడిపక్కన పడుకుని కాల్చిన కుర్రవాడి కాలర్‌లో దొరికింది. నా రైఫిల్ నుంచి ఎగిరిన వేడి ఖోకా వాడి మెడ మీద పడింది. మెడ కాలినా ఉస్తాద్ తిడతాడని వాడు కిక్కురుమనలేదు. ఆ తర్వాత ఉస్తాద్ మా ఇద్దరికీ చేసిన మర్యాద ఇక్కడ చెప్పను!

ఆ రోజుల్లో ఇదంతా ఎందుకా అని విసుక్కునేవాళ్లం. ఖోకా లెక్క తేలితేనే కాల్చిన రౌండ్ల లెక్క తేలుతుంది. లేకపోతే కాల్చామని రాసిన రౌండు ఎవడి జేబులోనో ఉన్నా తెలియదు. ఇది అందరికీ తెలిసిన సంగతి. నా ట్రేడులోకి వచ్చాక రెండో సంగతి తెలిసింది. ఖాళీ ఖోకాల సంచిలో అన్నీ ఖాళీవే ఉంటాయన్న నమ్మకం లేదు. మిస్‌ఫైర్ అయినది ఒకటి కలిసిపోవచ్చు. ఆ ఇత్తడి చివరికి తుక్కుగా పోయి కొలిమిలో కరుగుతుంది. ఒక్క బతికున్న రౌండు కొలిమిలో పడితే అక్కడ పనిచేసేవాడి ప్రాణం మీదకొస్తుంది. అందుకే తుక్కు పంపేముందు ప్రతి ఖోకా పరీక్ష చేసి, ఇందులో పేలుడు పదార్థం లేదని సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాలి. ఎఫ్.ఎఫ్.ఇ. సర్టిఫికెట్ అంటాం. ఆ సంతకం మా ట్రేడువాళ్లది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

నేను హవల్దార్‌గా ఉన్నప్పటి సంగతి. ఎక్కడ అన్నది అనవసరం. డిసెంబరు నెల, సాయంత్రం ఐదవుతోంది. ఎక్సర్‌సైజులో కాల్చిన 7.62 బ్లాంక్ ఖోకాల సంచులు వచ్చాయి. బ్లాంక్‌కి బుల్లెట్ ఉండదు కదా. మూతి దగ్గర ఇత్తడిని పువ్వు రేకుల్లా ముడిచి ఉంటారు. కాల్చితే ఆ రేకులు విచ్చుకుంటాయి. వెలుతురు తక్కువైతే విచ్చుకున్నదీ ముడుచుకున్నదీ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటి ఆరు సంచులు రూలు ప్రకారం చేత్తో ఒక్కొక్కటీ తీసి చూశాను. బయట బండి నిలబడి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మిగతా సంచులు తార్పాలిన్ మీద గుమ్మరించి, చేత్తో కలియబెట్టి, అడుగున క్యాప్ మీద దెబ్బ ఉందా లేదా అని మాత్రం పైపైన చూశాను. దెబ్బ ఉంటే కాలినట్టే అనుకున్నాను. సంతకం పెట్టేశాను.

మర్నాడు తుక్కు యార్డులో ఒక ముసలి మజ్దూర్ నా దగ్గరకు వచ్చాడు. రెండు చేతులతో ఒక ఖోకా పట్టుకుని ఉన్నాడు. "సాబ్, దీంట్లో ఏదో కదులుతోంది" అన్నాడు హిందీలో. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఇసుక కదిలినట్టు సన్నటి చప్పుడు. క్యాప్ మీద దెబ్బ ఉంది, కానీ పేలలేదు. రేకులు విచ్చుకోలేదు. మందు లోపలే ఉంది. ఆ ముసలాయన చదువుకోలేదు. జబల్పూర్ చూడలేదు. ఆయన చేతులు చేసిన పని నా చేతులు చెయ్యలేదు, అంతే తేడా.

ఆ రౌండు జేబులో వేసుకుని మాట్లాడకుండా ఉండొచ్చు అని ఒక్క నిమిషం అనిపించిన మాట నిజం. ఉండలేకపోయాను. వెళ్లి ఓ.సి. సాబ్‌కి చెప్పాను. ఎంక్వయిరీ జరిగింది. నాకు సివియర్ రిప్రిమాండ్ పడింది. ఎర్ర సిరా ఎంట్రీ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నాయబ్ సుబేదార్ ప్రమోషన్ నాతోటివాళ్లకంటే ఆలస్యమైంది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. 2000లో భరత్‌పూర్, 2016 మే 31న పుల్గావ్ డిపోల్లో జరిగిన ప్రమాదాలు మనందరికీ తెలుసు. పుల్గావ్‌లో పోయినవాళ్లు మా కోర్ మనుషులు, ఫైర్ సర్వీసువాళ్లు, డి.ఎస్.సి. జవాన్లు. మందుతో పనిచేసేచోట మన అజాగ్రత్తకి వేరేవాళ్లు బలి కావచ్చు. ఆ ముసలాయన మనవలు ఏ తాతనైతే చూసుకున్నారో, నా సంతకం వల్ల ఆ తాత పోయి ఉండేవాడు.

ఇంక రెండో కథకు వస్తాను. అది అమెరికాది.

2023లో మా అమ్మాయి దగ్గరకు టెక్సాస్ వెళ్లాం. అల్లుడిది డాలస్ పక్కన ఉద్యోగం. పగలంతా పిల్లలు ఆఫీసుకి పోతే మనకి తోచదు. పక్కింటాయన డెబ్బై దాటినవాడు, వియత్నాంలో పనిచేసిన మెరైన్. నేనూ ఫౌజీనే అని తెలిసి చెయ్యి గట్టిగా ఊపాడు. సుబేదార్ అంటే ఏమిటో చెప్పడానికి అరగంట పట్టింది, వాళ్ల సైన్యంలో జె.సి.ఓ. అనే మాటే లేదు మరి.

ఆయన గరాజ్‌లో ఒక బల్ల, దానికి బిగించిన చిన్న ప్రెస్. కాల్చిన ఖోకాలు దాచుకుని, శుభ్రం చేసి, మళ్లీ తూటాలు కట్టుకుంటాడు. అక్కడ సొంత వాడకానికి అలా చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. తూటాలో ఖరీదైన భాగం ఇత్తడే, అది మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పైగా తన రైఫిల్‌కి సరిగ్గా అమరేటట్టు చేసుకుంటే గురి బాగుంటుంది. చూద్దురుగాని రమ్మన్నాడు. మా అల్లుడు ముందే హెచ్చరించాడు: "మామయ్యగారూ, మీరు విజిటర్ వీసా మీద ఉన్నారు. తుపాకీ గానీ తూటా గానీ మీ దగ్గర ఉండకూడదు. ఇక్కడి చట్టంలో ఖాళీ ఖోకా కూడా అమ్యునిషన్ కిందకే వస్తుంది." అందుకని నేను విశ్రామ్‌లో నిలబడినట్టు చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. నాలాంటివాడికి ఎదురుగా ఖోకాల కుప్ప ఉంటే చెయ్యి పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆయన పని మొదలుపెట్టింది లెక్కతోనే. ఏ ఖోకా ఏ కంపెనీది, ఎన్నిసార్లు కాల్చింది అని వేరువేరు డబ్బాల్లో వేసి చీటీ అంటించాడు. మన ఖోకా అడుగున కె.ఎఫ్. అని ఉంటే కిర్కీ అని మనం గుర్తుపడతాం కదా. (2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది.) అలాగే ఆయనా అడుగున ముద్ర చదివి విడదీశాడు. మిలిటరీ ఇత్తడి కొంచెం మందంగా ఉంటుంది, లోపల చోటు తక్కువ. దాన్ని సివిల్ ఖోకాతో కలిపితే ఒత్తిడి లెక్క తప్పుతుంది.

తర్వాత పరీక్ష. మెడ దగ్గర చీలిక ఉందా, భుజం దగ్గర సొట్ట ఉందా, అడుగుకు కొంచెం పైన గోడ మీద మెరిసే గీత ఉందా అని దీపం కింద తిప్పి చూశాడు. ఆ మెరిసే గీత ముఖ్యమైనది. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది. సాగి సాగి అక్కడ గోడ పల్చబడుతుంది. ఇంకోసారి కాల్చితే తల తెగి, వేడి గ్యాసు వెనక్కి తన్నుతుంది. అనుమానం వస్తే కొనవంచిన సన్నని తీగ లోపల పెట్టి గీకాడు. పల్చబడినచోట తీగ కొన చిన్న గాడిలో పడినట్టు తగులుతుంది.

ఆ తర్వాత కాలిపోయిన క్యాప్‌ని సూదితో లోపలినుంచి తోసి తీశాడు. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉన్న ఖోకాకే ఇది వీలవుతుంది. రెండు రంధ్రాల రకానికి వీలుకాదు. మన షూటింగ్ పిల్లలు వాడే .22 రౌండుకి క్యాప్ మందు అంచులోనే ఉంటుంది కనుక అది ఒక్కసారితో సరి.

కడగడం చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. నీళ్లు, సబ్బు, సన్నని స్టీలు పిన్నులు, చిటికెడు నిమ్మఉప్పు వేసి డ్రమ్ములో గంటకు పైగా తిప్పాడు. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమితే తళతళలాడేది ఈ పులుపు గుణంతోనే. అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం దగ్గరకు రానివ్వనన్నాడు. అప్పుడు నా చదువు నాకు పనికొచ్చింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలంలో గుర్రాల శాలల్లో దాచిన తూటాల ఇత్తడి వాటంతటవే చిట్లిపోయేవి. ఆ సీజన్‌లోనే చిట్లుతాయి కనుక సీజన్ క్రాకింగ్ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా దీనికి కారణమని 1921లో తేల్చారు. ఈ సంగతి చెబితే ఆయన కుర్చీలోంచి లేచి నాకు కాఫీ కలిపి ఇచ్చాడు.

ఆపైన నూనె రాసి అచ్చులోకి నొక్కి, ఉబ్బిన ఖోకాని పాత కొలతకు తెచ్చాడు. నూనె రాయడం మరిచిపోతే అచ్చులో ఇరుక్కుని చస్తే రాదు. నొక్కినప్పుడు ఇత్తడి పొడవు పెరుగుతుంది కనుక కొలిచి కత్తిరించాడు. .308 రకానికి 2.015 అంగుళాలు, అంటే 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆయన 2.005 అంగుళాలకు తెచ్చాడు. పొడవెక్కువైతే మూతి ఛాంబర్‌లో నొక్కుకుపోయి, బుల్లెట్ వదలక, ఒత్తిడి పెరిగిపోతుంది. మూతి అంచులు లోపలా బయటా గీకి నునుపు చేశాడు. క్యాప్ కూర్చునే గుంట శుభ్రం చేశాడు. మిలిటరీ ఖోకాలో క్యాప్ చుట్టూ ఇత్తడి నొక్కి ఉంటుంది కనుక దాన్ని చెక్కాడు. కొన్నిసార్లు వాడాక గట్టిపడిన మెడను మంటలో కొన్ని సెకన్లు తిప్పి మెత్తబరుస్తాడు. మన 7.62 ఖోకా మెడ దగ్గర నీలి గోధుమ రంగు మరక చూశారు కదా, ఫ్యాక్టరీలో చేసిన ఈ పనిదే ఆ మరక. అడుగు మాత్రం వేడెక్కకూడదు, మెత్తబడితే ప్రమాదం.

మందు పోసి బుల్లెట్ కూర్చే పని నా ప్రసంగంలో లేదు. అది ఇక్కడ చెప్పాల్సిందీ కాదు.

ఆ రోజు రెండువందల ఖోకాలు చూశాడు. సుమారు నూట ఎనభై అయ్యాక అలిసిపోయాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాతిది అలా తిప్పి ఇలా మంచి డబ్బాలో వేశాడు. దీపం కింద ఒక్క క్షణం ఆ గీత మెరవడం నాకు కనిపించింది. చేతులు వెనకే ఉన్నాయి. "ఆగండి, ఆ ఆఖరిది మళ్లీ చూడండి" అన్నాను. తీగ పెట్టి గీకాడు. కొన పట్టుకుంది. ఆయన మాట్లాడలేదు. ఆ ఖోకాని పట్టకారుతో నలిపి తుక్కులో వేసి, మంచి డబ్బా అంతా బల్ల మీద గుమ్మరించి మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. రెండువందలూ!

నేను హవల్దార్‌గా చెయ్యవలసింది అదే. ఆరు సంచులు చూశాను కదా అనుకోకుండా, చూడని సంచులు చూడనట్టే లెక్కపెట్టాలి. అప్పుడు ఆయనకి నా ఎర్ర సిరా ఎంట్రీ కథ చెప్పాను. విని, బల్ల పైన మేకుకు వేలాడుతున్న ఒక ఖోకా చూపించాడు. తల సగం తెగి ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఆయన చేతిలో తెగిందట. కళ్లద్దాలు ఉన్నాయి కనుక కళ్లు దక్కాయట.

ఇంకో సంగతి. మా ఆరేళ్ల మనవరాలు నన్ను వెతుక్కుంటూ గరాజ్ గుమ్మంలోకి వచ్చింది. ఆయన వెంటనే పని ఆపి బయటకు పంపించమన్నాడు. క్యాప్ మందులో సీసం ఉంటుంది, కాలిన మసిలో అది మిగిలిపోతుంది, పిల్లలకు చాలా చెడ్డది. ఆయన చేతులు సబ్బుతో కడిగి చొక్కా మార్చకుండా ఇంట్లోకి పోడు. నాకు గుండెలో కలుక్కుమంది. మా అమ్మాయి చిన్నప్పుడు కంటోన్మెంట్‌లో పిల్లలు ఎక్కడో దొరికిన ఖోకాని పెదవి దగ్గర పెట్టుకుని ఈల ఊదుతుంటే నవ్వుతూ చూశాను. నేనే ఎగ్జామినర్‌ని, నాకే తట్టలేదు.

తిరిగి వచ్చేరోజు ఆయన ఒక ఖోకా తళతళలాడేలా కడిగి గుర్తుగా ఇవ్వబోయి, చట్టం గుర్తొచ్చి తనే వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. దానికి బదులు తన పాత టోపీ ఇచ్చాడు.

మిత్రులారా, ఈ సభలో చాలామంది ఇళ్లలో షోకేసులో ఒకటో రెండో ఖోకాలు, తాళంచెవుల గుత్తికి ఒకటి ఉంటాయని నాకు తెలుసు. మన 1959 ఆయుధ చట్టంలో అమ్యునిషన్ అంటే దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా. లైసెన్సు లేకుండా తయారీ నేరం. అమెరికాలో చూశాను కదా అని ఇక్కడ ఎవరూ ప్రయత్నించకండి, ఊళ్లో ఎవరైనా చేస్తున్నా చేయి కలపకండి. వాడకానికి కాని చిన్న భాగాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ అది కోర్టులో చెప్పుకోవాల్సిన మాట, విమానాశ్రయంలో ఎక్స్‌రే దగ్గర చెబితే ఫ్లైటు ఆగదు. పిల్లల దగ్గరకు వెళ్లేవాళ్లు పాత కిట్ బ్యాగ్ పట్టుకెళ్లకండి. పట్టుకెళ్తే ప్రతి జేబూ తిరగేసి చూడండి. ఇంట్లో పాతది ఏదైనా దొరికితే, ముఖ్యంగా బతికుందో లేదో తెలియనిది, ఊపకండి, గీకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అక్కడే ఉంచి పోలీసుస్టేషన్‌కి కబురు చెయ్యండి. బ్యాంకుల దగ్గర గార్డు డ్యూటీ చేస్తున్న సోదరులు తమ 12 బోర్ తూటాలు వానాకాలం పోయాక ఒకసారి తీసి చూసుకోండి, ఉబ్బినవి, పచ్చబారినవి వాడకండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. మీరు సంతకం పెట్టే కాగితం మీద "తనిఖీ చేయబడినది" అని ఉంటుంది. నిజంగా తనిఖీ చేసి పెట్టండి. బండి ఆగుతుంది, డ్రైవరు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఆ ముసలి మజ్దూర్ ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఆ రోజు ఆయనకు నమస్కారం కూడా సరిగ్గా పెట్టలేదు. ఈ సభాముఖంగా పెడుతున్నాను.